జలసంపద శాఖ వారి సువాసన కారు

బోర్డు మీద జలసంపద శాఖ అని రాసి ఉంటుంది గాని, కొత్తలంకలో ఆ మాట తెలిసినవాళ్ళు ఆ బోర్డు రాసిన పెయింటరూ, ఆ ఆఫీసులో జీతం తీసుకునేవాళ్ళూ మాత్రమే. తక్కిన ఊరంతటికీ అది చేపలాఫీసు. చేపలాఫీసుకు ఒక అధికారి, ఆయనకో కారు, ఆ కారుకో వాసన ఉన్నాయి. అధికారి పేరు పేరూరి భానుమూర్తి. కారు తెల్లది. వాసన రొయ్యలది.

కొత్త కమిషనర్ గారు వచ్చేదాకా ఈ వాసన మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. కారు చేసే పనే అలాంటిది. తీరం పొడుగునా ఉన్న చెరువుల్లో ఎక్కడ రొయ్యలు నలతగా కనిపించినా రైతులు భానుమూర్తికి ఫోను చేసేవారు. ఆయన వెళ్ళి, చెరువులో వల వేయించి, నాలుగు రొయ్యల్ని ఐసు పెట్టెలో వేసుకుని, ఆ సాయంత్రంలోగా రాజవరంలోని ల్యాబుకు చేర్చేవాడు. ఫలానా జబ్బు అని ల్యాబు వాళ్ళు కాగితం మీద రాసిస్తే తప్ప ఊరుమ్మడి కాలువ తూము మూయడానికి వీల్లేదు. తూము మూయకపోతే ఒక చెరువు జబ్బు ఆ నీళ్ళలోనే తాపీగా పక్క చెరువుకు పోతుంది. అంచేత కారు ఎంత తొందరగా రాజవరం చేరితే అన్ని చెరువులు బతికినట్టు లెక్క. పెట్టె మూత ఎంత బిగించినా రోడ్డు మీద గుంటలున్నాయి కదా, కాసిని నీళ్ళు సీటు మీద ఒలికేవి. అలా ఒలికినదంతా ఏళ్ళ తరబడి సీట్లలో ఇంకిపోయింది.

ఆ వాసన భానుమూర్తి ఒంటికి కూడా పట్టింది. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చిన సంగతి భార్యకు గేటు చప్పుడు కంటే ముందు గాలే చెప్పేది. ఆవిడ మొదట్లో గొణిగింది, తర్వాత అలవాటు పడింది, ఇప్పుడు ఆయన సెలవు పెట్టి ఇంట్లో ఉంటే ఏదో వెలితిగా ఉందంటోంది.

కమిషనర్ గారు అంతకుముందు చేనేత శాఖలో పనిచేశారు. కొత్త బట్టల వాసనకు అలవాటుపడిన ముక్కు ఆయనది. తనిఖీకి వచ్చిన రోజున ఆయన కారుకు పంక్చరు పడింది. దాంతో గెస్ట్ హౌసు దాకా భానుమూర్తి కారులో వెళ్ళవలసి వచ్చింది. ఎక్కి కూర్చున్నారు. తలుపు వేశారు. జేబురుమాలు తీశారు.

"ఏమిటిది?" అన్నారు రుమాలు వెనకనుంచి.

"రొయ్యలండి సార్."

"ఎక్కడున్నాయి?"

"ఇప్పుడు లేవండి. నిన్న ఉన్నాయి."

కమిషనర్ గారు అద్దం దింపేశారు. గెస్ట్ హౌసు దాకా తల కిటికీ బయటే పెట్టుకుని ప్రయాణం చేశారు. దారిలో జనం ఆయన తమకేదో చెప్పబోతున్నాడనుకుని దణ్ణాలు పెట్టారు.

వారం తిరగకుండా సర్క్యులర్ వచ్చింది. "శాఖాధీన వాహనముల అంతర్భాగమునందు ప్రబలుచున్న అవాంఛనీయ ఘ్రాణ పరిస్థితి ప్రభుత్వ ప్రతిష్ఠకు భంగకరముగా పరిణమించుచున్నందున" అని మొదలై, రెండు పేజీల తర్వాత ఊపిరి తీసుకుని, ఇకమీదట ప్రతి జిల్లా కారునూ వాసన చూసి పరిమళభరితం, సహ్యం, అసహ్యం అని మూడు తరగతులుగా విభజిస్తామని తెలియజేసింది. అసహ్యం వచ్చిన అధికారిని కొండ మీది శిక్షణ కేంద్రానికి బదిలీ చేస్తారట. ఆ కేంద్రంలో శిక్షణ లేదు, చేపలూ లేవు. తాగే నీళ్ళకు కూడా ట్యాంకరు రావాలి. భానుమూర్తికి రిటైర్మెంటు దగ్గర పడుతోంది. మిగిలిన ఆ కొద్ది కాలమూ చెరువుగట్ల మీదే తిరుగుతూ గడపాలని తప్ప ఆయనకు వేరే కోరికల్లేవు. సర్క్యులర్ చదివి డ్రైవరు దొరబాబును పిలిచాడు.

దొరబాబు బజారుకు వెళ్ళి అద్దానికి వేలాడే నిమ్మకాయ బొమ్మ ఒకటి, ఏసీకి తగిలించే మల్లె సెంటు ఒకటి తెచ్చాడు. రెండూ తగిలించి ఊరంతా తిప్పుకొచ్చాడు. ఎలా ఉందని భానుమూర్తి అడిగితే కాస్త ఆలోచించి, "ఇదివరకు ఉత్త రొయ్యలండి. ఇప్పుడు నిమ్మకాయ పిండిన రొయ్యలండి. ఆకలేత్తందండి" అన్నాడు.

తర్వాత వంట సోడా. సీట్లమీద చల్లి ఒక రాత్రి ఉంచి దులిపేస్తే వాసన లాగేస్తుందని ఎవరో చెప్పారు. నిజంగానే లాగింది గాని, మర్నాడు చెరువు మీదికి వెళ్ళి వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. గిన్నెలో బొగ్గులు పెట్టారు, గుడ్డలో కాఫీ పొడి కట్టి సీటు కింద పెట్టారు. ఆ రెండు రోజులూ ఆఫీసులో అందరూ పదకొండు గంటలకే కాఫీ అంటూ లేచారు. చివరికి హెడ్ క్లర్కు సాంబ్రాణి సలహా ఇచ్చాడు. మూకుట్లో నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లి, కారులో పెట్టి, తలుపులన్నీ బిగించారు. లోపల తెల్లటి పొగ సుళ్ళు తిరుగుతుంటే రోడ్డున పోయేవాడెవడో చూసి ఫైరింజనుకు ఫోను చేశాడు. వాళ్ళు వచ్చి, చెప్పేది వినిపించుకోకుండా అద్దం పగలగొట్టి, కారు నిండా నీళ్ళు కొట్టారు. తడిసిన సీట్లలోంచి ఇన్నేళ్ళ రొయ్యలన్నీ ఒక్కసారి నిద్ర లేచాయి. ఆ సాయంత్రం పక్క వీధిలో ఒక పెళ్ళిచూపులు ఆగిపోయాయని చెప్పుకున్నారు.

దాంతో సీట్లు మార్చక తప్పలేదు. కొత్త సీట్లు, కింద కొత్త తివాచీ, ఏసీకి కొత్త ఫిల్టరు వేయించారు. కారుకు కొత్త వాసన వచ్చింది. ఇక గండం గడిచిందని భానుమూర్తి అనుకుంటూండగా ఘ్రాణ పరిశీలక సంఘం వచ్చి దిగింది.

సంఘంలో ముగ్గురు పెద్దలు. ఒకాయన నశ్యం పీలుస్తాడు. ఒకాయనకు పుట్టినప్పటినుంచీ పడిశం. మూడో ఆయన ముక్కు మాత్రం పనిచేస్తుంది గాని, ఆయన సంఘానికి కార్యదర్శి కాబట్టి ఓటు లేదు. ముగ్గురూ కారెక్కి అద్దాలు వేయించుకుని కళ్ళు మూసుకున్నారు. బయట ఆఫీసు సిబ్బంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి పెద్దలు దిగారు. నశ్యం ఆయన, "వాహనాంతర్భాగమున పొగాకు సంబంధమైన ఒక పరిమళము గోచరించుచున్నది" అన్నాడు. పడిశం ఆయన నాకేమీ గోచరించలేదన్నాడు. రెండిటినీ కలిపి సగం చేసి, సహ్యం అని తేల్చారు. పోతూ పోతూ కార్యదర్శి భానుమూర్తిని పక్కకు పిలిచి ఒక ముక్క చెప్పాడు. సీట్లు మార్చినా సెంట్లు కొట్టినా లాభం లేదట. వాసనకు మూలం వాడకమట. సంఘం తన నివేదికలో ఆ మాటే రాయబోతోందట.

రాసింది కూడా. దాని మీద వరసగా ఆర్డర్లు వచ్చాయి. మొదటి ఆర్డరు ప్రకారం రొయ్యల నమూనాలు కారులో ఎక్కించరాదు. నమూనాలు లేకపోతే ఇక కారెందుకని భానుమూర్తి ఫోనులో అడిగితే, పరిమళం కోసమని హెడ్డాఫీసు వాళ్ళు కోపంగా చెప్పారు. రెండో ఆర్డరు ప్రకారం కారు నడిపేవాడు ముందురోజు చేపలు తిని ఉండరాదు. దొరబాబు ఇంట్లో పులుసు మానేశారు. ఆఫీసోళ్ళకు నా పులుసుతో పనేంటని అతని భార్య వచ్చి భానుమూర్తిని నిలదీసింది. మూడో ఆర్డరు ప్రకారం, చెరువు మీదికి వెళ్ళిన అధికారి ఆ రోజు కారెక్కరాదు. భానుమూర్తి చెరువు మీదికి వెళ్ళని రోజు లేదు. అందువల్ల ఆయన కారెక్కే రోజు లేకుండా పోయింది. ఆటోలో వెళ్ళేవాడు, ఆటోవాళ్ళు రానంటే దొరబాబు బండి వెనక కూర్చుని వెళ్ళేవాడు. నమూనాలు ల్యాబుకు చేర్చే బాధ్యతను మాత్రం ఆర్డర్లు మరిచిపోలేదు. "సంబంధిత రైతులు స్వీయ వ్యయ ప్రయాసలతో" చేర్చుకోవాలని రాశారు.

ఎవరూ ఎక్కని కారు కొత్త వాసనతో అలాగే నిలబడి ఉంది. తర్వాతి తనిఖీలో దానికి పరిమళభరితం వచ్చింది. జిల్లాలన్నిటిలోనూ అదే మొదటిది. కమిషనర్ గారు ఫోను చేసి మెచ్చుకున్నారు. ఈ పద్ధతికి వినియోగ రహిత నిర్వహణ అని పేరు పెట్టి, అన్ని జిల్లాలూ కొత్తలంకను చూసి నేర్చుకోవాలని ఉత్తర్వులు ఇచ్చారు. భానుమూర్తికి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. కొండ మీది శిక్షణ కేంద్రం గుర్తొచ్చి, సంతోషించడమే మంచిదనుకున్నాడు.

పేరొచ్చాక దాన్ని నిలబెట్టుకోవడం పెద్ద పనైపోయింది. ఆఫీసు రేవు పక్కన ఉంది, అటునుంచి గాలి వీస్తే ఎండు చేపల కంపు వస్తుంది. అద్దాలు మూసి ఉంచితే లోపల ముక్కిపోయిన వాసన, తెరిస్తే చేపల వాసన. కాబట్టి కారును ఊరి చివర పూల నర్సరీకి తరలించారు. మల్లె మొక్కలకూ సన్నజాజి పందిరికీ మధ్య దానికి రేకుల షెడ్డు వేశారు. దొరబాబు ఉద్యోగం కూడా అక్కడికే మారింది. అతను రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, కారు అద్దాలు దింపి, మల్లెల గాలి లోపలికి పోయేలా విసనకర్రతో విసిరి, మళ్ళీ అద్దాలు ఎక్కించి వచ్చేవాడు. ఇంజను మాత్రం ముట్టుకోవద్దని ఆర్డరు. పెట్రోలు కూడా ఒక వాసనే కదా.

రాష్ట్ర స్థాయి పరిమళ పురస్కారం కొత్తలంకకే ఖాయమైంది. కమిషనర్ గారు స్వయంగా వచ్చి కారులో కూర్చుని ధ్రువీకరించి, నర్సరీలోనే సభ జరిపి ఇస్తారట. షామియానా, కుర్చీలు, పన్నీరు బుడ్లు అన్నీ మాట్లాడారు. సభ ఇంకో నాలుగు రోజులుందనగా కొల్లాటి నూకరత్నం ఐసు పెట్టె నెత్తిన పెట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

నూకరత్నానిది చినతిప్ప. చినతిప్పలో చెరువులన్నీ ఒకే కాలువ మీద వరసగా ఉంటాయి. వాటిలో మొదటి చెరువు ఈమెది. మొగుడు పోయాక తనే మేత చల్లుకుంటూ, తనే వల విసురుకుంటూ దాన్ని నడుపుకొస్తోంది. ఆమె పెట్టె మూత తీసింది. భానుమూర్తి ఒక రొయ్యను తీసి వెలుతురుకు పట్టి చూశాడు. డొప్ప మీద తెల్లటి మచ్చలు కనిపించాయి. చాలా ఏళ్ళుగా ఆ మచ్చలు చూస్తున్నవాడు కనక, ల్యాబు అక్కర్లేకుండానే సంగతి తెలిసిపోయింది. కాని ఆయనకు తెలిస్తే తూము మూయరు. ల్యాబుకు తెలియాలి.

"కారు తీయించండి బాబుగారూ" అంది నూకరత్నం. "మీరైతే పొద్దుగూకకుండా అందించేత్తారు. నా చెరువెలాగూ పోయేలా ఉందండి. ఈ జబ్బు కిందికి దిగిందంటే తిప్పంతా పోద్ది."

భానుమూర్తి ఆమె ముఖం చూడలేక పెట్టెలోకి చూశాడు. కారు ఆఫీసుది కాదన్నంత పని చేశాడు. ఆర్డర్లున్నాయని, నాలుగు రోజుల్లో కమిషనర్ గారు వస్తున్నారని, కారులో రొయ్య అడుగు పెడితే తన ఉద్యోగం కొండెక్కుతుందని చెప్పాడు. బస్సులో వెళ్ళమన్నాడు. ల్యాబుకు తను ఫోను చేసి చెబుతానన్నాడు. ఆమె గొడవ పెట్టుకుంటుందేమో, నాలుగు మాటలంటుందేమో అని ఎదురు చూశాడు. అంటే బాగుండుననుకున్నాడు కూడా.

"ఆయ్. అలాగేనండి" అని పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మొదటి బస్సు కండక్టరు పెట్టెను చూసి ఆమెను ఎక్కనివ్వలేదు. రెండో బస్సువాడు ఎక్కించుకుని సగం దారిలో దింపేశాడు. తక్కిన దారి లారీ మీద వెళ్ళేసరికి ల్యాబు కట్టేశారు. పొద్దున్న తెరిచేదాకా గేటు ముందే కూర్చుంది. ఈలోగా ఐసు కరిగి రొయ్యలు కుళ్ళాయి. కుళ్ళిన నమూనా పరీక్షకు పనికిరాదని ల్యాబు వాళ్ళు తిప్పి పంపారు. ఆమె ఇంటికి చేరేసరికి చెరువులో రొయ్యలు ఒడ్డున తేలి ఉన్నాయి. ఈ సంగతి మర్నాడు దొరబాబు వచ్చి చెబితే భానుమూర్తి విన్నాడు. విని, సభకు కుర్చీలు ఎన్ని వచ్చాయని అడిగాడు.

సభ రోజు పొద్దున్న షామియానా నిండా జనం. నాలుగైదు జిల్లాల అధికారులు వచ్చారు. గుమ్మంలో పన్నీరు చల్లుతున్నారు. కమిషనర్ గారు మాల వేయించుకుని, "పరిమళము అనునది పరిపాలన యొక్క ఊపిరి" అని మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే సముద్రపు గాలి తిరిగింది. చినతిప్ప మీదుగా వచ్చింది ఆ గాలి. ఒక చెరువు నిండా చచ్చిన రొయ్యలు మూడు రోజులు ఎండలో ఉంటే ఎలా ఉంటుందో ఆ గాలి అందరికీ సమానంగా చెప్పింది. ముందు వరసలో రుమాళ్ళు లేచాయి. వెనక వరసలో మనుషులే లేచారు. పన్నీరు బుడ్డి పట్టుకున్నవాడు దాన్ని తన ముక్కుకే పట్టుకున్నాడు. మల్లెపూలు ఉన్నాయన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

కమిషనర్ గారు ఉపన్యాసం మధ్యలో ఆపి, ధ్రువీకరణ ముందు జరగాలని ప్రకటించి, చకచకా నడిచి వెళ్ళి కారెక్కి తలుపు వేసుకున్నారు. అద్దాలన్నీ బిగించుకున్నారు. లోపల హాయిగా ఉందని ఆయన ముఖమే చెబుతోంది. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది, ఆయన దిగలేదు. పురస్కారం కాగితం కిటికీలోంచి అందించమని లోపలినుంచే సైగ చేసి అందుకున్నారు. జిల్లా మొత్తం మీద వాసన లేని చోటు అదొక్కటే.

అప్పుడు నూకరత్నం మళ్ళీ వచ్చింది. ఆమె వెనక తిప్ప జనం పాతికమంది ఉన్నారు. ఆమె చేతిలో మళ్ళీ ఐసు పెట్టె ఉంది. భానుమూర్తి దగ్గరకొచ్చి, ఈ రొయ్యలు తనవి కావని, కిందనున్న తోడికోడలి చెరువువని, ఈ పొద్దునే మచ్చలు కనపడ్డాయని చెప్పింది. దాని కింద చెరువులు ఇంకా శుభ్రంగా ఉన్నాయట.

"మొన్న కారుందా అంటే లేదన్నారు. ఇయ్యాల ఏటంటారండి?" అంది.

ఆ మాటలో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. భానుమూర్తికి ఒళ్ళంతా సిగ్గు కమ్ముకొచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక రైతు తన ముందు ఇలా నిలబడడం, తను ఇలా నిలబడడం ఎప్పుడూ లేదు. ఏ చెరువుల కోసమైతే ఈ ఊరు వదలకూడదనుకున్నాడో ఆ చెరువుల్నే వదిలేశాడు. ఇక వదిలేయడానికి కొండ భయం ఒక్కటే మిగిలింది. ఆయన నూకరత్నం చేతిలోంచి పెట్టె తీసుకున్నాడు. కారు వెనక తలుపు తెరిచి, కమిషనర్ గారి పక్కన సీటు మీద పెట్టాడు.

"ఇదేమిటి?" అన్నారు కమిషనర్ గారు.

"నమూనా సార్. ల్యాబుకు వెళ్తున్నాం. మీరు కూర్చోండి."

ముందు సీట్లో నూకరత్నాన్ని ఎక్కించి, తను కమిషనర్ గారికి ఇవతల ఎక్కాడు. దొరబాబు తాళం తిప్పాడు. ఇంజను కిక్కురుమనలేదు. నెలల తరబడి ముట్టుకోని ఇంజను కదా, బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. తిప్ప జనం ఒకరి ముఖాలొకరు చూసుకుని, పంచెలు ఎగ్గట్టి, చెరువు బురద అంటిన చేతులతోనే కారును నెట్టడం మొదలుపెట్టారు. షామియానా పక్కనుంచి, పన్నీరు బుడ్ల ముందునుంచి పరిమళ పురస్కారం పొందిన కారు అలా నెట్టించుకుంటూ పోయింది. నర్సరీ గేటు దాటాక దగ్గి, ఊగి, స్టార్టయింది.

కమిషనర్ గారు మొదట్లో ఆగమన్నారు. తర్వాత సస్పెన్షన్ అన్నారు. తన అనుమతి లేకుండా వాహనం కదలడానికి వీల్లేదన్నారు. "తమరు లోపలే ఉన్నారు కదండీ" అని భానుమూర్తి వినయంగా మనవి చేశాడు. రాజవరం రోడ్డులో గుంటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మొదటి గుంటకు పెట్టె మూత కదిలింది. రెండో గుంటకు కాసిని నీళ్ళు కమిషనర్ గారి ప్యాంటు మీద పడ్డాయి. మూడో గుంటకు ఆయనే పెట్టెను ఒళ్ళోకి తీసుకుని రెండు చేతులతో పట్టుకున్నారు. కొంత దూరం పోయాక అద్దం దించారు.

ల్యాబు దగ్గర గేటు వేసి ఉంది. కాపలాదారు వచ్చి వాసన పసిగట్టి, కారు ఆపమని చెయ్యి ఎత్తాడు. నిన్ననే ఆర్డరు వచ్చిందట. ల్యాబు ఆవరణ కూడా పరిమళ మండలమట. వాసనొచ్చే మనిషి గాని, వస్తువు గాని లోపలికి వెళ్ళకూడదట. కమిషనర్ గారి మినహాయింపు ఉంటేనే వదలాలట.

"కమిషనర్ గారు వెనక సీట్లోనే ఉన్నారయ్యా" అన్నాడు భానుమూర్తి.

కాపలాదారు కిటికీలో తలపెట్టి లోపలికి చూశాడు. రొయ్యల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, తడిసిన ప్యాంటుతో, మాల నలిగిపోయి ఉన్న మనిషిని ఎగాదిగా చూశాడు. ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు.

"నేనే కమిషనర్‌ని" అన్నారు ఆయన.

"కమిషనర్ గారైతే ఇట్టా వాసన రారండి" అన్నాడు కాపలాదారు. "ఈ ఆర్డరేసిందే ఆయన."

కమిషనర్ గారు గుర్తింపు కార్డు చూపించారు. కార్డు ఓకే గాని, కార్డుకు కూడా వాసనొస్తోందని వాడు దాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. కార్డు నిజమే అయినా మినహాయింపు కాగితం లేనిదే కార్డు గలాయనను కూడా వదలలేనన్నాడు. ఎండ నెత్తిమీద ఉంది. పెట్టెలో ఐసు కరుగుతోంది. ముందు సీట్లో నూకరత్నం వెనక్కి తిరిగి ఆయన వంక చూస్తోంది. చివరికి కమిషనర్ గారు పురస్కారం కాగితమే తిరగేసి దాని వెనక, "ప్రస్తుత దుర్వాసన విధి నిర్వహణలో సంక్రమించినదగుటచే శాఖాపరమైనదిగా పరిగణించి అనుమతించడమైనది" అని రాసి సంతకం పెట్టారు. కాపలాదారు చదువుకుని, ఈ మాట మొదటే రాసిస్తే ఇంతసేపు ఎండలో నిలబడేవాళ్ళు కాదు కదండీ అని గేటు తీశాడు.

పొద్దుగూకేలోగా కాగితం వచ్చింది. ఆ రాత్రే చినతిప్ప తూము మూశారు. తోడికోడలి చెరువు పోయింది. కింది చెరువులు దక్కాయి. నూకరత్నం చెరువు ఎప్పుడో పోయింది, దానికెవరూ ఏమీ చేయలేకపోయారు. భానుమూర్తి బదిలీ ఆర్డరు కోసం ఎదురు చూస్తూ పెట్టె సర్దుకున్నాడు.

బదిలీ రాలేదు. మర్నాడు పేపర్లలో ఒళ్ళో ఐసు పెట్టెతో కమిషనర్ గారి ఫొటో వచ్చింది. రైతుల కోసం రొయ్యల్ని ఒళ్ళో మోసిన అధికారి అని రాశారు. పైవాళ్ళు పిలిచి అభినందించారు. పది రోజులకు కొత్త సర్క్యులర్ దిగింది. "వాహనములయందు క్షేత్ర సంబంధమైన గంధము లేకపోవుట అధికారుల అలసత్వమునకు ప్రబల నిదర్శనమగుటచే" ఇకమీదట కార్లను రొయ్యల వాసన బట్టి తరగతులుగా విభజిస్తారట. వాసన లేని కారు గల అధికారిని కొండ మీదికి పంపుతారట. పరిశీలక సంఘంలో పెద్దలు మాత్రం వాళ్ళే. నశ్యం ఆయనకు ప్రమోషన్ వచ్చింది.

జిల్లాల్లో గగ్గోలు పుట్టింది. నెలల తరబడి మల్లెల మధ్య దాచిన కార్లకు రాత్రికి రాత్రి వాసన ఎక్కడినుంచి తెస్తారు? నిమ్మకాయ బొమ్మ వేలాడిన చోట ఎండు రొయ్యల మూట వేలాడదీశారు. సీట్ల మీద చేపలు కడిగిన నీళ్ళు చల్లించారు. కొత్తలంక కారుకూ అదే ఇబ్బంది వచ్చింది. నూకరత్నం పెట్టెలోంచి ఒలికిన నీళ్ళలో చాలా భాగం కమిషనర్ గారి ప్యాంటే తాగేసింది. సీట్లు కొత్తవి, అవి ఇంకా ఏమీ నేర్చుకోలేదు. తూము మూయడంతో ఆ నెల చెరువుల్లో జబ్బు కూడా లేదు, మోసుకెళ్ళడానికి నమూనాల్లేవు. సంఘం సోమవారం వస్తోంది.

ఆదివారం పొద్దున్న భానుమూర్తి సంచి పట్టుకుని తనే బజారుకు వెళ్ళాడు. ఎండు చేపల వరస చివర, గోనెపట్టా మీద కుప్ప పోసుకుని నూకరత్నం కూర్చుని ఉంది. చెరువు పోయినప్పటినుంచీ అదే ఆమె బతుకుతెరువు. ఆమె ముందు నాలుగు జిల్లాల ప్రభుత్వ డ్రైవర్లు వరసలో నిలబడి ఉన్నారు. భానుమూర్తి వెనక్కి తిరిగి పోదామనుకున్నాడు గాని, ఆమె చూసేసింది. పలకరింపుగా తల ఊపి, ఒక్కొక్కరికీ తూచి ఇస్తూ ఆయన వంతు వచ్చేదాకా పని చూసుకుంది.

"పావుకిలో" అన్నాడు ఆయన.

నూకరత్నం తక్కెడ ఎత్తి, ఆయన వంక చూసింది.

"కూరకాండీ, కారుకాండీ?" అంది. "కూరకైతే తలకాయలు తీసి శుభ్రం చేసిత్తాను. కారుకైతే అలాగే ఉంచేత్తానండి. వాసన నిలబడద్ది."

భానుమూర్తి సంచి చాచి, తల ఎత్తకుండా, కారుకనే చెప్పాడు.